కౌంటీ అంటే జిల్లా అయితే కలెక్టరు ఎక్కడ? మా ఇంటి పన్ను బిల్లులో నాలుగు ప్రభుత్వాలు

పన్నుపోటు
నిరుడు డాలస్‌కు ఉత్తరాన ఒక కొత్త కాలనీలో ఇల్లు కొన్నాను. మొదటి ఆస్తి పన్ను బిల్లు వచ్చింది: 11,300 డాలర్లు. మొత్తం సంగతి అలా ఉంచండి, అందులోని పద్దులు చూసి నాకు మతి పోయింది. కౌంటీ ఒకటి, స్కూల్ డిస్ట్రిక్ట్ ఒకటి, అత్యవసర సేవల డిస్ట్రిక్ట్ ఒకటి, మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ ఒకటి. నా చిరునామాలో ఊరి పేరు స్పష్టంగా ఉన్నా, బిల్లులో మాత్రం ఆ ఊరి పద్దు లేదు. వీధి దీపం వెలగడం లేదని ఊరి కార్యాలయానికి ఫోన్ చేస్తే, మీరు మా ఊరివారే కాదని చెప్పారు. మరి నేను ఏ ఊరివాడిని? ఈ నలుగురిలో ఎవరు ఎవరికి పైవారు? పైగా ఇది పెట్టుబడిదారీ దేశమని, ఇక్కడ ప్రభుత్వం పెద్దగా కలగజేసుకోదని చిన్నప్పటి నుంచి చదువుకున్నాను. పెట్టుబడిదారీ వ్యవస్థలో నా ఒక్క ఇంటి మీద నాలుగు ప్రభుత్వాలు ఎందుకు ఉన్నాయో తెలిసినవారు చెప్పగలరు.

స్వేచ్ఛావిపణి
నాలుగు కాదు, ఆరు. రాష్ట్రాన్నీ వాషింగ్టన్‌నూ మీరు లెక్కలో వేసుకోలేదు.

డెంటన్_పాతకాపు
చిరునామాలో ఉన్న ఊరి పేరు తపాలా శాఖ వారి సౌకర్యం కోసం పెట్టుకున్నది. ఉత్తరం ఏ తపాలా కార్యాలయం నుంచి బట్వాడా అవుతుందో చెప్పడానికే తప్ప, మీరు ఆ ఊరి సరిహద్దులో ఉన్నారని చెప్పడానికి కాదు. మీ కాలనీ ఏ ఊరిలోనూ కలవని ప్రాంతం. అందుకే మీకు మేయరు లేరు, మేయరు ఎన్నికలో ఓటూ లేదు, ఊరి పోలీసులూ రారు. 911కు ఫోన్ చేస్తే కౌంటీ షెరిఫ్ మనుషులు వస్తారు. అగ్నిమాపక వాహనాన్ని అత్యవసర సేవల డిస్ట్రిక్ట్ పంపుతుంది, అందుకే ఆ పద్దు. నీరు, మురుగు కాలువలు మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ చూస్తుంది, దాన్నే ఇక్కడ అందరం 'మడ్' అంటాం. మీ వీధి దీపం సంగతి కూడా మొదట ఆ మడ్ వారినే అడిగి చూడండి.

ఇక మీ రెండవ ప్రశ్నకు జవాబు: ఎవరికీ ఎవరూ పైవారు కారు. మన దగ్గర గ్రామం, మండలం, జిల్లా, రాష్ట్రం అని మెట్లు ఉన్నట్టు ఇక్కడ ఉండవు. ఒకే నేల మీద వేర్వేరు పనులకు వేర్వేరు గీతలు గీసుకున్నారు. స్కూల్ డిస్ట్రిక్ట్ గీత ఊరి గీతతో కలవదు, ఊరి గీత కౌంటీ గీతతో కలవదు. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలోనూ కొంత డెంటన్ కౌంటీలోనూ ఉంది కదా.

ఒమాహా_వాసి
దేశం మొత్తం మీద ఇలాంటి స్థానిక ప్రభుత్వాలు దాదాపు 90,000 ఉన్నాయి. కౌంటీలు మూడు వేల చిల్లర మాత్రమే. మిగిలినవి ఊళ్లు, టౌన్‌షిప్‌లు, స్కూల్ డిస్ట్రిక్ట్‌లు, ఇంకా నీటికొకటి, దోమల నివారణకొకటి, గ్రంథాలయానికొకటి చొప్పున ప్రత్యేక డిస్ట్రిక్ట్‌లు. శ్మశానాలకు కూడా ప్రత్యేక డిస్ట్రిక్ట్ ఉన్న చోట్లు ఉన్నాయి.

నిశ్శబ్దపాఠకురాలు
అంటే చనిపోయాక కూడా ఒక పన్ను పద్దు ఉంటుందన్నమాట.

సివిల్స్_మూడోసారి
నేను హైదరాబాదులో పరీక్షలకు చదువుకుంటున్నాను. పాలిటీలో సమాఖ్య వ్యవస్థల పోలిక మాకు తప్పనిసరి కాబట్టి ఒక మాట. అమెరికా రాజ్యాంగంలో కౌంటీ, నగరం అన్న మాటలే లేవు. కేంద్రానికి ఇచ్చిన అధికారాల జాబితా మొదటి అధికరణం ఎనిమిదవ విభాగంలో ఉంది. మిగిలినవన్నీ రాష్ట్రాలకు లేదా ప్రజలకు చెందుతాయని 1791లో వచ్చిన పదవ సవరణ చెబుతుంది. మన దగ్గర ఇది తలకిందులుగా ఉంటుంది. ఏడవ షెడ్యూలులోని మూడు జాబితాలలో ఎక్కడా లేని విషయం కేంద్రానిది. పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ 1992 నాటి 73, 74 సవరణలతో రాజ్యాంగంలోనే చోటు దొరికింది. అమెరికాలో వాటికి ఆ చోటు లేదు. నా సందేహం ఒకటే: కౌంటీ అంటే మన జిల్లా అనుకుంటే, కలెక్టరు స్థానంలో ఎవరు ఉంటారు?

డెంటన్_పాతకాపు
కలెక్టరు ఉన్నాడు, కానీ మీరు అనుకునే కలెక్టరు కాదు. టెక్సస్‌లో ప్రతి కౌంటీకీ పన్ను మదింపు-వసూలు అధికారి అని ఒక పదవి ఉంది, జనం ఓటేసి ఎన్నుకుంటారు. పేరులో మదింపు ఉన్నా మన ఇళ్ల విలువ కట్టేది ఆయన కాదు, అందుకు మదింపు డిస్ట్రిక్ట్ అని వేరే సంస్థ ఉంది. కారు రిజిస్ట్రేషను ఆయన కార్యాలయంలోనే చేయించుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు మాత్రం రాష్ట్ర ప్రభుత్వ శాఖ ఇస్తుంది. వీసా వాషింగ్టన్ వారిది. వీసా గడువు పెరిగితే తప్ప లైసెన్సు గడువు పెరగదు కాబట్టి, రెండు ప్రభుత్వాల మధ్య నలిగే అనుభవం ఇక్కడ చాలామందికి ఉండే ఉంటుంది.

కౌంటీని నడిపేది కమిషనర్స్ కోర్టు. పేరుకు కోర్టే గానీ చేసేది రోడ్లు, బడ్జెట్టు, జైలు నిర్వహణ. దానికి అధ్యక్షత వహించే వ్యక్తిని కౌంటీ జడ్జి అంటారు. పెద్ద కౌంటీలలో ఆయన తీర్పులు చెప్పడం దాదాపు ఉండదు. మా అత్తగారు వచ్చినప్పుడు స్థానిక పత్రికలో చదివి, 'జడ్జిగారు వంతెన మంజూరు చేశారట, ఈ దేశంలో వంతెనకు కూడా కేసు వేయాలా' అని అడిగారు.

గోదారిగట్టు_మాస్టారు
రాజమహేంద్రవరంలో ముప్పై రెండేళ్లు అర్థశాస్త్రం చెప్పాను, ప్రస్తుతం ఒహాయోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. కలెక్టరు మాట వచ్చింది కాబట్టి: మన కలెక్టరు పదవి కూడా పుట్టింది పన్ను వసూలుకే. 1772లో వారెన్ హేస్టింగ్స్ కాలంలో శిస్తు రాబట్టడానికి పెట్టిన పదవికి తరువాత శాంతిభద్రతలు, కరవు, ఎన్నికలు అన్నీ అంటుకున్నాయి. టెక్సస్ వారు వసూలు పని వరకే ఉంచి మిగిలిన అధికారాలను పదిమందికి పంచారు. షెరిఫ్‌ను వేరుగా, క్లర్కును వేరుగా, ప్రాసిక్యూటరును వేరుగా ఎన్నుకుంటారు. ఒక్కరి చేతిలో జిల్లా మొత్తం పెట్టడం వారికి రుచించదు. మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. తుపాను వచ్చిన రాత్రి ఒక్క కలెక్టరు ఉండటం ఎంత సుఖమో కోనసీమలో పుట్టిన నాకు తెలుసు.

పన్నుపోటు గారి అసలు ప్రశ్న, పెట్టుబడిదారీ దేశంలో ఇన్ని ప్రభుత్వాలు ఎందుకు అన్నది, రెండు వేర్వేరు ప్రశ్నలను ఒక్కటిగా ముడివేసింది. ప్రభుత్వం ఎన్ని అంచెలుగా ఉన్నదనేది ఒకటి, ఆస్తి ఎవరిది, ధర ఎవరు నిర్ణయిస్తారు అనేది మరొకటి. ఏమి ఉత్పత్తి చేయాలి, ఎలా చేయాలి, ఎవరికి అందాలి అన్న మూడు ప్రశ్నలకు ఆచారం జవాబు చెబితే సంప్రదాయ ఆర్థిక వ్యవస్థ, విపణి చెబితే పెట్టుబడిదారీ వ్యవస్థ, ప్రణాళికా కార్యాలయం చెబితే ఆదేశిత వ్యవస్థ అని తరగతిలో చెప్పేవాడిని. సోవియట్ రష్యాలో 1921లో పుట్టిన గోస్‌ప్లాన్ అనే ప్రణాళికా కార్యాలయం మూడవ దానికి ఉదాహరణ. ఎన్ని టన్నుల ఉక్కు, ఎన్ని జతల బూట్లు అన్నది అక్కడ బల్ల మీద తేలేది. ఇవన్నీ పుస్తకంలో శుద్ధంగా కనబడతాయి, బయట ఏ దేశంలోనూ కనబడవు.

స్వేచ్ఛావిపణి
మాస్టారూ, ఇక్కడ మీతో విభేదిస్తాను. అన్నీ మిశ్రమమే అనేస్తే తేడా చెరిగిపోతుంది. మా నాన్నగారు 1970లలో స్కూటరు బుక్ చేసి ఆరేళ్లు ఎదురుచూశారు. కర్మాగారం ఎన్ని బళ్లు తయారు చేయాలో లైసెన్సు చెప్పేది. చివరకు బండి వచ్చేసరికి వీధి వీధంతా కొబ్బరికాయతో వచ్చిందట. ఇక్కడ నేను ఆదివారం ఉదయం వెళ్లి సాయంత్రానికి కారు తెచ్చుకున్నాను. ఈ తేడాకు పేరు ఉండాలి కదా. నా దృష్టిలో అది పెట్టుబడిదారీ వ్యవస్థ.

ఎర్రమందారం
సాయంత్రానికి తెచ్చుకున్న కారును ఏ రోడ్డు మీద నడిపారు?

స్వేచ్ఛావిపణి
టోల్ రోడ్డు మీద నడిపాను. డబ్బులు కట్టాను.

డెంటన్_పాతకాపు
క్షమించాలి, ఆ టోల్ రోడ్డు కూడా ప్రభుత్వ సంస్థదే కావచ్చు. ఉత్తర డాలస్ ప్రాంతంలోని టోల్ రోడ్లలో ఎక్కువ భాగం నార్త్ టెక్సస్ టోల్‌వే అథారిటీవి, అది కొన్ని కౌంటీలు కలిసి ఏర్పరచుకున్న ప్రభుత్వ సంస్థ. ఉచితమైన రోడ్డే ప్రభుత్వానిది, డబ్బు తీసుకునేది ప్రైవేటుది అన్న గుర్తు ఇక్కడ పనిచేయదు.

ఒమాహా_వాసి
మాస్టారి మాటకు మా రాష్ట్రం మంచి సాక్ష్యం. నెబ్రాస్కా 1968 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ రాష్ట్రవ్యాప్తంగా రిపబ్లికన్ అభ్యర్థికే ఆధిక్యం ఇచ్చింది. సోషలిజం అన్న మాట ఎత్తితే మా ఆఫీసులో కాఫీ చల్లారిపోతుంది. కానీ రాష్ట్రం మొత్తం మీద ఇళ్లకు విద్యుత్తు ఇచ్చేవన్నీ ప్రజా యాజమాన్యంలోని సంస్థలు లేదా సహకార సంఘాలే, లాభం కోసం నడిచే విద్యుత్ కంపెనీ ఒక్కటీ లేదు. మా విద్యుత్ సంస్థ పాలకమండలికి మేము ఓటేస్తాం. మా ఇంటి పక్కన ట్రంప్ జెండా కట్టుకున్న పెద్దాయన దీన్ని సోషలిజం అంటే ఒప్పుకోడు. ఇది నెబ్రాస్కా పద్ధతి అంటాడు.

నిశ్శబ్దపాఠకురాలు
పేరు పెట్టకపోతే అందరికీ ఇష్టమే అన్నమాట.

గోదారిగట్టు_మాస్టారు
అదే వరుసలో ఉత్తర డకోటాను చూడండి. అక్కడి గోధుమ రైతులు మినియాపొలిస్ ధాన్యం వర్తకుల ధరలకూ బ్యాంకుల వడ్డీలకూ విసిగిపోయి నాన్ పార్టిజన్ లీగ్ పేర ఏకమై రాష్ట్ర ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నారు. 1919లో రాష్ట్రానికే ఒక బ్యాంకు పెట్టారు, 1922లో గ్రాండ్ ఫోర్క్స్‌లో రాష్ట్ర ప్రభుత్వ పిండిమిల్లు తెరిచారు. ఆ రెండూ నేటికీ నడుస్తున్నాయి. రాష్ట్ర ఖజానా సొమ్ము ఆ బ్యాంకులోనే ఉంటుంది. మనం 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసినప్పుడు అదొక సోషలిస్టు విప్లవమని ఒక వర్గం పండుగ చేసుకుంది, మరొక వర్గం గుండెలు బాదుకుంది. అమెరికా నడిబొడ్డున ఒక వ్యవసాయ రాష్ట్రం అంతకు యాభై ఏళ్ల ముందే తనకంటూ బ్యాంకు పెట్టుకున్న సంగతి మా పాఠ్యపుస్తకాల్లో ఉండేది కాదు.

అయినా స్వేచ్ఛావిపణి గారి మాటలో నిజం లేకపోలేదు. ఉత్తర డకోటా బ్యాంకు పెట్టింది గానీ మిగిలిన బ్యాంకులను మూయలేదు. పిండిమిల్లు పెట్టింది గానీ ఇంకెవరూ మిల్లు పెట్టరాదని లైసెన్సు నిరాకరించలేదు. స్కూటరు కోసం ఆరేళ్లు నిలబెట్టింది ప్రభుత్వ యాజమాన్యం కాదు. ఆ కర్మాగారాలలో చాలావరకు ప్రైవేటువే. నిలబెట్టింది రెండవవాడిని రానీయకపోవడం.

స్వేచ్ఛావిపణి
ఈ మాట ఒప్పుకుంటాను. నేను గమనించని కోణం ఇది.

మేరీలాండ్_మామ్మ
రెండవవాడిని రానీయకపోవడం అన్నారు కాబట్టి మా ఊరి సంగతి చెబుతాను. మాది మేరీలాండ్‌లో మాంట్‌గొమెరీ కౌంటీ. ఇక్కడ సారా, విస్కీ వంటివి సీసాల్లో అమ్మే దుకాణాలు కౌంటీ ప్రభుత్వానివే. బీరు, వైన్‌ల టోకు వ్యాపారం కూడా కౌంటీదే, హోటళ్లవారు అక్కడి నుంచే కొనుక్కోవాలి. పక్క కౌంటీకి వెళ్తే ప్రైవేటు దుకాణాలు ఉంటాయి. మద్యనిషేధం 1933లో 21వ సవరణతో తొలగినప్పుడు ఆ విషయం రాష్ట్రాలకు వదిలేశారు, మా రాష్ట్రం కౌంటీలకు వదిలేసింది. మావారు వారానికొకసారి కౌంటీ గీత దాటి వస్తుంటారు. ఆర్థిక వ్యవస్థల మధ్య ప్రయాణం అంటే అదేనని మీ చర్చ చదివాక అర్థమయింది.

సివిల్స్_మూడోసారి
ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 వరకు మద్యం దుకాణాలను రాష్ట్ర ప్రభుత్వమే నడిపింది. అప్పుడు సరిహద్దు దాటి తెలంగాణకు వెళ్లిన పెద్దలు కూడా తులనాత్మక అర్థశాస్త్రమే చదువుకున్నారన్నమాట.

నిర్వాహకుడు
రెండు రాష్ట్రాల రాజకీయాలు ఇక్కడితో ఆపి, పన్ను బిల్లు వద్దకు తిరిగి వద్దాం.

డెంటన్_పాతకాపు
బిల్లుకే వస్తున్నాను. మడ్ అంటే ఏమిటో పన్నుపోటు గారు తెలుసుకోవాలి. ఊరి బయట పొలం కొన్న బిల్డరుకు నీటి గొట్టాలు, మురుగు కాలువలు వేయడానికి డబ్బు కావాలి. రాష్ట్ర అనుమతితో అక్కడ ఒక డిస్ట్రిక్ట్ ఏర్పడుతుంది. అది ఒక ప్రభుత్వం, దానికి అయిదుగురు డైరెక్టర్లు, బాండ్లు అమ్మే అధికారం, పన్ను వేసే అధికారం. బిల్డరు ముందు ఖర్చు పెడతాడు, డిస్ట్రిక్ట్ బాండ్లు అమ్మి అతనికి ఆ సొమ్ము తిరిగి ఇస్తుంది, ఇల్లు కొన్నవారు దశాబ్దాల పాటు పన్ను రూపంలో ఆ బాండ్ల అప్పు తీరుస్తారు. ఇప్పుడు చెప్పండి, ఇది ప్రభుత్వమా, వ్యాపారమా? పెట్టుబడి ప్రైవేటుది, పన్ను వేసే చేయి ప్రభుత్వానిది. ఇల్లు కొనేటప్పుడు మడ్ ఉందని తెలిపే పత్రం మీద మీ చేత సంతకం తప్పకుండా చేయించి ఉంటారు, ఆ రోజు పెట్టిన అరవై సంతకాలలో అదొకటి.

పన్నుపోటు
ఇప్పుడే తీసి చూశాను. ఉంది. నా సంతకం చాలా అందంగా కూడా ఉంది.

నిశ్శబ్దపాఠకురాలు
మడ్ అంటే ఆంగ్లంలో బురద. పేరులోనే చెప్పారు, మీరు వినిపించుకోలేదు.

ఎర్రమందారం
మాస్టారికి ఒక ప్రశ్న. ప్రభుత్వాలను ఇన్ని ముక్కలు చేయడం వల్ల లాభపడేది ఎవరు? ఖరీదైన ఇళ్లున్న స్కూల్ డిస్ట్రిక్ట్‌కు మంచి బడి, పేదల డిస్ట్రిక్ట్‌కు కూలిన బడి. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ ప్రాంతపు తల్లిదండ్రులు దీని మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1973లో 5-4 తేడాతో ఓడిపోయారు. విద్య రాజ్యాంగం కల్పించిన ప్రాథమిక హక్కు కాదని తీర్పు. మన తెలుగువాళ్లం రేటింగు చూసి బడి కోసం ఇల్లు కొంటాం, తరువాత పన్ను ఎక్కువని ఏడుస్తాం. ఆ గీత మనల్ని లోపల ఉంచడానికే కాదు, ఇంకొకరిని బయట ఉంచడానికి కూడా గీసింది. దీన్ని స్థానిక స్వపరిపాలన అని ముద్దుగా పిలుచుకోవడం నాకు నచ్చదు.

డెంటన్_పాతకాపు
కథ అక్కడితో ఆగలేదు. వాళ్లు రాష్ట్ర కోర్టుకు వెళ్లారు. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఆ పద్ధతి చెల్లదన్నది. 1993 చట్టంతో సంపన్న డిస్ట్రిక్ట్‌ల నుంచి కొంత సొమ్ము తీసుకుని మిగిలిన వాటికి ఇచ్చే ఏర్పాటు వచ్చింది, జనం దానికి రాబిన్ హుడ్ అని పేరు పెట్టారు. ప్లేనో వంటి సంపన్నమైన చోట కట్టిన పన్నులో ఒక భాగం ఆ లెక్కలోకి వెళ్లింది. వాషింగ్టన్‌లో మూసుకున్న తలుపు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో తెరుచుకోవడం కూడా ఇన్ని అంచెలు ఉండటం వల్లనే సాధ్యమయింది.

ఎర్రమందారం
తెరుచుకోవడానికి పదహారేళ్లు పట్టింది. 1973లో ఒకటో తరగతి చదివిన పిల్లవాడు అప్పటికి కళాశాల వయసు కూడా దాటిపోయాడు.

గోదారిగట్టు_మాస్టారు
కాదనలేను.

సివిల్స్_మూడోసారి
ఇంతమంది ప్రభుత్వాలలో ఇద్దరికి తగవు వస్తే ఎవరి మాట చెల్లుతుంది? వాషింగ్టన్‌కూ రాష్ట్రానికీ మధ్య అయితే 1819 నాటి మెకలక్ వర్సెస్ మేరీలాండ్ తీర్పు మాకు సిలబస్‌లో ఉంది. కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన బ్యాంకు మీద రాష్ట్రం పన్ను వేయరాదన్నారు. ఊరికీ రాష్ట్రానికీ అయితే?

డెంటన్_పాతకాపు
రాష్ట్రం మాటే చెల్లుతుంది, నా కళ్లతో చూశాను. డెంటన్ ఊరి కింద సహజవాయువు నిక్షేపం ఉంది. ఇళ్ల పక్కనే బావులు తవ్వుతుంటే చప్పుడు, వాసన భరించలేక 2014 నవంబరులో ఊరి ప్రజలు ఓటింగ్ పెట్టి, నేలను పగలగొట్టి వాయువు తీసే పద్ధతిని ఊరి హద్దులో నిషేధించారు. టెక్సస్‌లో అలా నిషేధించిన మొదటి ఊరు మాదే. ఆరు నెలలు తిరగకుండానే రాష్ట్ర శాసనసభ, ఊళ్లకు అలాంటి అధికారం లేదని చట్టం చేసింది. 2015 మేలో గవర్నరు సంతకం పెట్టారు, జూన్‌లో నగర మండలి తన నిషేధాన్ని తానే రద్దు చేసుకుంది. వాషింగ్టన్ మా మీద పెత్తనం చేస్తోందని నిత్యం అరిచే రాష్ట్రమే ఊరి మీద ఆ పెత్తనం చేసింది. ఇందులో న్యాయపరంగా వింత లేదు. ఊళ్లు శాసనసభ సృష్టించినవే, వాటికి ఇచ్చిన అధికారమే తప్ప సొంత అధికారం లేదని 1868లో ఐయోవా న్యాయమూర్తి డిల్లన్ చెప్పిన సూత్రం చాలా రాష్ట్రాలలో నేటికీ నడుస్తోంది. టెక్సస్‌లో పెద్ద ఊళ్లకు హోమ్ రూల్ పేర కొంత స్వేచ్ఛ ఉన్నా, శాసనసభ తలచుకుంటే దాన్ని తగ్గించగలదు.

స్వేచ్ఛావిపణి
భూగర్భ హక్కులు కొనుక్కున్నవారి ఆస్తిని ఊరివాళ్లు ఓటుతో చెల్లకుండా చేయడం మాత్రం న్యాయమా? ఆస్తి హక్కును కాపాడటం రాష్ట్రం పని. మీరు చెప్పిన కథలో నాకు రాష్ట్రం దుర్మార్గుడిగా కనబడలేదు.

డెంటన్_పాతకాపు
దుర్మార్గుడు అనలేదు. పెద్దవాడు అన్నాను. ఆస్తి విషయమే తీసుకుంటే పైన ఒకరి ఇల్లు, కింద ఇంకొకరి ఖనిజం. ఇద్దరివీ ఆస్తులే. ఎవరి ఆస్తికి ఎక్కువ బరువు అన్నది విపణి తేల్చలేదు, శాసనసభ తేల్చింది.

మేరీలాండ్_మామ్మ
మన ఊళ్లో భూమి కింద దొరికినది ప్రభుత్వానిదే అని విన్నట్టు గుర్తు. ఇక్కడ రైతుదే కావచ్చునన్నమాట.

గోదారిగట్టు_మాస్టారు
అమ్మా, ఇదే నేను చెప్పబోయిన అసలు తేడా. అమెరికాలో ప్రైవేటు భూమి కింది ఖనిజం ఆ భూమి యజమాని సొంతం కావచ్చు, విడదీసి అమ్ముకోవచ్చు. ఇంకా చాలా దేశాలలో చమురు, సహజవాయువు రాజ్యానివే.

రైతు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి. మేము ఇప్పుడు ఉన్న ఒహాయోలోనే రాస్కో ఫిల్‌బర్న్ అనే రైతు ఉండేవాడు. గోధుమ ధర పడిపోకుండా 1938 చట్టం ప్రకారం కేంద్రం ఒక్కొక్క రైతుకూ విస్తీర్ణం కేటాయించేది. ఆయనకు 11.1 ఎకరాలు అనుమతిస్తే 23 ఎకరాలు వేశాడు. అదనంగా పండినది తన కోళ్లకు, పశువులకు, ఇంటి పిండికే అన్నాడు. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని మాత్రమే కేంద్రం నియంత్రించగలదు కదా, నా కోడి రాష్ట్రం దాటలేదు కదా అన్నది ఆయన వాదన. 1942లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కేంద్రం పక్షం వహించింది. ఆయన పండించుకోకపోతే బజారులో కొనేవాడు, అందరూ ఇలాగే చేస్తే దేశపు ధర మారుతుంది అన్నది తర్కం. జరిమానా 117 డాలర్ల 11 సెంట్లు. ఇంతకంటే స్పష్టమైన ప్రణాళికా వ్యవస్థ మన ప్రణాళికా సంఘం కూడా కలగనలేదు. మా గోదావరి రైతుకు ఇన్ని ఎకరాలే వరి వేయాలి, పెరట్లో కోళ్లకు కూడా అంతే అని ఎవరైనా చెప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించలేను.

స్వేచ్ఛావిపణి
ఈ కేసు మా పక్షంవారికి పుండు మీద కారం. దీన్ని మీరు మా మీదే ప్రయోగించారు.

ఒమాహా_వాసి
విద్యుత్తు విషయంలో టెక్సస్ చేసింది కూడా ఆ వాణిజ్య అధికారం నుంచి తప్పించుకోవడానికే కదా. రాష్ట్రంలో ఎక్కువ భాగానికి సొంత గ్రిడ్ పెట్టుకుని, తీగలు రాష్ట్రం దాటకుండా చూసుకుని, కేంద్ర నియంత్రణ సంస్థకు దూరంగా ఉన్నారు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో పక్క రాష్ట్రాల నుంచి తగినంత విద్యుత్తు తెచ్చుకునే దారి లేకపోయింది. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు.

పన్నుపోటు
ఆ వారం నేను అపార్ట్‌మెంటులో ఉన్నాను. మూడు రోజులు గ్యాసు పొయ్యి మీద ఇటుకలు వేడి చేసుకున్నాం, అది ప్రమాదమని తరువాత తెలిసింది. నా స్నేహితుడు టోకు ధరకే విద్యుత్తు అనే పథకంలో ఉండి, ఒక్క వారానికి వేల డాలర్ల బిల్లు చూశాడు. ఊరి విద్యుత్తు ఉన్న చోట్ల అలాంటి బిల్లులు రాలేదని విన్నాను. అయితే ప్రభుత్వ విద్యుత్తే మేలా?

డెంటన్_పాతకాపు
అంత సులువుగా తేల్చలేం. డెంటన్ కౌంటీ ఒక్కదానిలోనే మూడు పద్ధతులు ఉన్నాయి. డెంటన్ ఊరిలో నగర పాలక సంస్థ సొంత విద్యుత్తు. ఊరి బయట చాలా చోట్ల సభ్యుల యాజమాన్యంలోని సహకార సంఘం. మిగిలిన చోట్ల 2002లో మొదలైన పోటీ విపణి, నచ్చిన కంపెనీని మీరే ఎంచుకుంటారు, తీగలు మాత్రం ఒకే సంస్థవి. ఒకే కౌంటీలో, ఒకే చట్టాల కింద, రోడ్డుకు అటూ ఇటూ మూడు ఆర్థిక వ్యవస్థలు. ఆ తుపానులో గ్రిడ్ ఆదేశం మీద మూడు చోట్లా కరెంటు పోయింది. గరిష్ఠ టోకు ధర మెగావాట్-గంటకు 9,000 డాలర్లకు చేరింది. మన ప్రాంతపు సహకార సంఘాలకు విద్యుత్తు సరఫరా చేసే బ్రేజోస్ అనే పెద్ద సహకార సంస్థ 2021 మార్చి 1న దివాలా పిటిషను వేసింది. నగరం వారు బిల్లును ఒక్కసారి చూపలేదు, అంతే. ఖర్చు ఎప్పుడో ఒకప్పుడు వినియోగదారుడి వద్దకే వస్తుంది.

స్వేచ్ఛావిపణి
పన్నుపోటు గారూ, మీ కాలనీలో విద్యుత్తు ఎవరిది?

పన్నుపోటు
సహకార సంఘానిది. అంటే నేను ఒక విద్యుత్ సంస్థకు వాటాదారుణ్ణి అని ఈ రోజే తెలిసింది. అయితే ఇంకొక బాధ చెప్పుకోవాలి. నేను హెచ్-1బి మీద ఉన్నాను, గ్రీన్ కార్డు నా జీవితకాలంలో వస్తుందో లేదో తెలియదు. ఈ నాలుగు ప్రభుత్వాలకూ నేను పన్ను కడతాను, ఒక్కదానికీ ఓటేయలేను. సహకార సంఘంలో మాత్రం సభ్యుణ్ణి కాబట్టి ఓటు ఉందట. ఈ దేశంలో నా మొదటి ఓటు కరెంటు సంఘానికన్నమాట.

మేరీలాండ్_మామ్మ
మా పక్కనే టకోమా పార్క్ అనే ఊరు ఉంది, అక్కడ 1992 నుంచి పౌరులు కాని నివాసులు కూడా ఊరి ఎన్నికలలో ఓటేయవచ్చు. చాలా రాష్ట్రాలలో ఆ అవకాశం ఉండదు. కానీ బాబూ, స్కూలు బోర్డు సమావేశంలో మాట్లాడటానికి పౌరసత్వం అక్కరలేదు. మా కోడలు వీసా మీద ఉండగానే వెళ్లి, బస్సు స్టాపు గురించి మాట్లాడి మార్పించింది. ఆ రోజు గదిలో పదకొండు మందే ఉన్నారట.

ఎర్రమందారం
పదకొండు మంది గదిలో తీర్మానించిన దానిని లక్షమంది కడతారు.

మేరీలాండ్_మామ్మ
అందుకే పన్నెండవ మనిషిగా వెళ్లమంటున్నాను.

డెంటన్_పాతకాపు
చేయవలసిన పనులు ఇవి. మొదటిది, సొంత నివాసానికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు దరఖాస్తు చేశారా? డ్రైవింగ్ లైసెన్సు మీద ఈ ఇంటి చిరునామాయే ఉండాలి. 2023లో స్కూల్ పన్ను వరకు ఈ మినహాయింపును ఇంటి విలువలో లక్ష డాలర్లకు పెంచారు, 2025 నవంబరులో ఓటర్లు దాన్ని 1,40,000కు పెంచారు. అంతేకాక మదింపు విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా రక్షణ దొరుకుతుంది. రెండవది, వసంతంలో విలువ నోటీసు వచ్చాక సాధారణంగా మే 15 లోపల అభ్యంతరం దాఖలు చేయవచ్చు. తగవు పెట్టుకోవలసింది విలువ గురించి మదింపు డిస్ట్రిక్ట్‌తో. పన్ను రేటు గురించి అయితే ఆయా ప్రభుత్వాల సమావేశాలకు వెళ్లాలి. ఈ రెండింటినీ కలిపేసి వసూలు కార్యాలయం కిటికీ దగ్గర అరిచేవారిని ప్రతి జనవరిలోనూ చూస్తుంటాను, ఆ కిటికీ వెనుక ఉన్న మనిషి రెండింటిలో దేనికీ కారకుడు కాదు.

పన్నుపోటు
ఇప్పటికే ఒకసారి అరిచి వచ్చాను. రేపు వెళ్లి క్షమాపణ చెబుతాను.

హోమ్‌స్టెడ్ దరఖాస్తు చేయలేదు, బిల్డరు మనుషులు చేస్తారనుకున్నాను. ఈ రాత్రే నింపుతాను. మడ్ డైరెక్టర్ల సమావేశం ఎక్కడ జరుగుతుందో వెతికితే, మా కాలనీకి ముప్పై మైళ్ల దూరంలో డాలస్ నగరంలోని ఒక న్యాయవాద సంస్థ కార్యాలయంలో, మంగళవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు అని ఉంది. ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్తున్నాను. నాతో వచ్చే ఇరుగుపొరుగువారు ఎవరైనా ఈ చర్చ చదువుతూ ఉంటే చెప్పండి, కారులో ముగ్గురికి చోటు ఉంది.

నిశ్శబ్దపాఠకురాలు
నేను మీ కాలనీయే అనుకుంటున్నాను. రెండవ వీధిలో వెలగని దీపం మా ఇంటి ముందరిదే. మంగళవారం నేనూ వస్తాను.